బ్లడ్ బ్యాంకులో బెంచ్‌మార్కు

2003లో నేను కాకినాడలో ఒక కంప్యూటర్ల షాపులో సర్వీస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఊళ్లోని ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకు డాక్టరుగారు తమ సర్వర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంచాలో, కొత్తదానికి మారాలో తేల్చమన్నారు.

రెండింటి మీదా బెంచ్‌మార్కులు నడిపాను. అంటే, కంప్యూటరుకు ఒక పని అప్పగించి ఎంతసేపట్లో చేస్తుందో కొలిచే ప్రోగ్రాములు. లెక్కలు చేయడంలోనూ, పెద్ద ఫైళ్లు కాపీ చేయడంలోనూ కొత్తదే చాలా ముందుంది. మారిపోవచ్చని రిపోర్టు రాసిచ్చాను.

అక్కడి సీనియర్ టెక్నీషియన్ సత్యవతిగారు ఉప్పాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. రిపోర్టు రెండుసార్లు తిరగేసి, "ఇందులో మా పని ఏదండీ?" అన్నారు.

"ఇది మెషీన్ వేగమండి," అన్నాను.

"మేం పెద్ద ఫైళ్లు కాపీ చెయ్యం కదండీ. ముగ్గురు ఎంట్రీలు కొడుతుంటే, పక్కన లేబుళ్లు ప్రింటవుతుంటే, ఫలానా గ్రూపు ఉందా అని ఫోనొస్తుంది. అది కొలిచారా?"

కొలవలేదు. కాస్త ఉక్రోషంగానే, ఒక పూట కొత్త సిస్టమ్ మీద పని చేసి చూద్దామన్నాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు.

మర్నాడు పదింటికి స్టాప్‌వాచ్‌తో కూర్చున్నాను. లేబుళ్లు ప్రింటవుతుండగా రావులపాలెం ఆసుపత్రి నుంచి ఫోను. కాన్పయిన మనిషికి రక్తం ఆగడం లేదు, ఓ నెగెటివ్ గ్రూపు కావాలి, దగ్గర్లో ఎక్కడా దొరకలేదట. సత్యవతిగారు వెతకమని మీట నొక్కారు. తెర కదల్లేదు. నా చేతిలో ఇరవై సెకన్లు, ముప్ఫై. ఆవిడ ఇక ఎదురుచూడలేదు. రిసీవరు బల్ల మీద పెట్టి, ఫ్రిజ్ తెరిచి సంచుల మీద లేబుళ్లు చదువుకుంటూ వచ్చి, "రెండున్నాయండీ, మనిషిని పంపించండి," అన్నారు. తెర మీద జవాబు ఆ తరవాత వచ్చింది.

మర్నాడు పాత సిస్టమ్ మీద అదే పని కొలిచాను. నాలుగు సెకన్లు. కొత్తదాంట్లో ప్రింటింగు మొదలైతే వెతికే పని వరసలో వెనక్కి పోతోంది.

"ఇచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే మన పరువేం కావాలయ్యా?" అన్నారు మా షాపు యజమాని. అయినా వెళ్లి, పాతదే ఉంచమని చెప్పి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను.

"అయితే మీ మొదటి లెక్క తప్పా?" అడిగారు డాక్టరుగారు.

"లెక్క తప్పు కాదండి. ఏం కొలవాలో నేను ఇక్కడ ఎవర్నీ అడగలేదు."

రావులపాలెం మనిషి బతికిందని వారం తరవాత సత్యవతిగారే చెప్పారు. అప్పటినుంచి ఏ ఆఫీసులో బెంచ్‌మార్కు నడపాలన్నా, ముందు ఒక పూట అక్కడ పనిచేసేవాళ్ల పక్కన కూర్చుని చూడటం అలవాటు చేసుకున్నాను.