ఒక్కసారి చాలదేమోనని

చొక్కాలు కుట్టే షెడ్డులో ఆమె పని కాజాలు తీయడం. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారం వేసే పని మెషీన్ చూసుకుంటుంది. అయినా ఆమె ఒక్కో కాజాలో గోరు దూర్చి లాగి చూసేది. పక్కన కాలర్లు కుట్టే ఆవిడ, "అది కాజా అక్కా, నీ కోడలు కాదు. అన్ని పరీక్షలు పెట్టకు" అని నవ్వేది. షెడ్డులోనూ చర్చి సంఘంలోనూ అందరికీ ఆమె కాజాల అక్క.

ఇంట్లోనూ అదే తంతు. తాళం వేసి నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూసేది. తాళం సంగతి నయం, లాగితే తెలిసిపోతుంది. ఎంత లాగినా తెలియనిది ఒక్కటే: తను రక్షణ పొందిందా, అంటే చనిపోతే పరలోకం చేరుతుందా, లేదా?

పదకొండేళ్లప్పుడు మందిరానికి వచ్చిన ఓ బోధకుడు, "యేసును రక్షకుడిగా ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. పక్కనున్న స్నేహితురాలు ఎత్తింది. ఈమె కూడా ఎత్తింది. ఇంటికొచ్చాక దిగులు పట్టుకుంది. దేవుణ్ణి చూసి ఎత్తానా, దాన్ని చూసి ఎత్తానా? అనుమానం తీరాలని తర్వాతి కూడికలో మళ్లీ ఎత్తింది. అప్పుడేమో కాలు తిమ్మిరెక్కి, మనసు సగం కాలి మీదే ఉండిపోయింది. అదీ చెల్లదనిపించింది. అలా లేచిన చెయ్యి, యాభై దాటినా దిగలేదు. కొత్త బోధకుడు ఎవరైనా "ఇవాళ ఐదు ఆత్మలు రక్షణలోకి వచ్చాయి" అని సంబరంగా చెబితే, వెనక బెంచీలో "నాలుగే. ఒకటి మన కాజాల అక్క" అని గుసగుసలాడేవాళ్లు.

బాప్తిస్మం కూడా రెండుసార్లు. మొదటిసారి నీళ్లలో ముంచేటప్పుడు భయపడి పాస్టరుగారి చొక్కా పట్టుకుంది. దాంతో నడినెత్తి తడవలేదని ఆమె అనుమానం. నాలుగేళ్లు ఆ నెత్తినే తడుముకుని, చివరికి ఇంట్లో చెప్పకుండా వేరే ఊరి సంఘానికి వెళ్లి మునిగి వచ్చింది. తడి జుట్టు చూసి భర్త, "వాన పడిందా?" అని అడిగాడు. "పడింది" అంది. ఆ అబద్ధంతో కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఇలాంటి మనిషికి దొరికిన ఆడపడుచు, అంటే భర్త చెల్లెలు, కూరగాయల కొట్టు నడిపే గట్టి గొంతుక మనిషి. ఆదివారం మందిరానికి వచ్చేది గానీ తలుపు పక్కనే కూర్చునేది. చేతులెత్తమంటే బ్యాగులో ఏదో వెతుక్కునేది. "నా వంతు కూడా నువ్వే ఎత్తేస్తున్నావుగా వదినా. పైన కిరీటాలు పంచేరోజు నీకు తల చాలదు. నాకో పీట ఇప్పించు, గుమ్మం దగ్గర పడుంటా" అనేది.

ఆ ఆడపడుచుకు ఇప్పుడు గుండె ఆపరేషన్. పదకొండింటికి లోపలికి తీసుకెళ్తామన్నారు. పదిన్నరకు వార్డులో ఆకుపచ్చ గౌను వేసుకుని, చేతికి సెలైన్ గొట్టంతో మంచం మీద కూర్చుంది. కాజాల అక్క పక్కన స్టూలు మీద కూర్చుని దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ ఉంది.

"వదినా, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కొంతమంది మళ్లీ లేవరట."

"అందరికీ చెప్పే మాటేలే."

"సరే, నేనూ లేవలేదనుకో. ఎక్కడికి పోతాను?"

కాజాల అక్క దుప్పటి అంచు వదిలేసింది. "పాస్టరుగారు దారిలో ఉన్నారు" అంది.

"ఆయన వచ్చేలోపు నన్ను తోసుకుపోతారు. నువ్వే చేయించు. ఆ రక్షణ ప్రార్థన నీకు కంఠతా వచ్చుగా."

రాకేం. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెబుతుంది. కానీ తను నలభై ఏళ్లుగా కాలు మోపడానికి భయపడుతున్న వంతెన మీదికి ఇంకో మనిషిని ఎలా రమ్మనడం? అయినా కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ప్రభువా, నేను పాపిని. నా కోసం చనిపోయి లేచావు. నన్ను క్షమించు. ఆడపడుచు ఒక్కో మాటా వెంట అంటూ, మధ్యలో ఆగింది.

"తూకంలో చేసిన మోసాలు విడిగా చెప్పాలా?"

"చెప్పు."

"ఎవరెవరికి చేశానో గుర్తులేదే."

"ఆయనకు గుర్తుంటుందిలే. ఊఁ, కానివ్వు."

ఆడపడుచు నవ్వబోయింది గానీ కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమేన్ అన్నాక ముక్కు తుడుచుకుని, "అయిపోయిందా? ఒక్కసారి చాలా?" అని అడిగింది.

చాలు అంటే, ఇన్నేళ్లూ తను చేసిందేమిటి? చాలదంటే, ఈ మనిషిని ఏ ముఖంతో లోపలికి పంపాలి?

"చాలనే వాక్యం చెప్తోంది" అంది నేల చూస్తూ. "నాకే నమ్మకం కుదరలేదమ్మాయీ. ప్రతిసారీ మనసు ఎటో ఒకవైపు పోయేది. నిజంగా అడిగానో లేదోనని మళ్లీ అడిగేదాన్ని. నన్ను చూసి మాత్రం నేర్చుకోకు."

ఆడపడుచు కాసేపు గొట్టంలో కారే చుక్కల్ని చూసింది.

"మరి యేసు పక్కన సిలువేసిన దొంగ? అతను చెయ్యెలా ఎత్తాడు? మేకులు కొట్టేశారుగా."

కాజాల అక్క తలెత్తింది.

"నడినెత్తి తడిపిన వాళ్లూ లేరు. అంత నొప్పిలో మనసు కుదురుగా ఉంటుందా? జ్ఞాపకం పెట్టుకోమని ఒక్కమాట అడిగాడు, ఆయన ఇవాళే తన వెంట పైకి రమ్మన్నాడు. తలుపు దగ్గర కూర్చున్నా చెవులు పనిచేస్తాయి వదినా."

ఇద్దరు నర్సులు మంచం తోసుకుపోవడానికి వచ్చారు. ఆడపడుచు చెయ్యి ఐసు ముక్కలా ఉంది. "భయంగా ఉంది" అంది మెల్లగా. "నాకూ" అంది కాజాల అక్క. తలుపు మూసుకుంది.

వరండాలో బెంచీ మీద కూలబడగానే ఆమె పెదవులు వాటంతటవే కదిలాయి. ప్రభువా, నేను పాపిని. ఇందాక నేల చూస్తూ చెప్పింది అబద్ధమైతే? దాన్ని ముంచేశానేమో, నేనూ మునిగానేమో. ఇంకొక్కసారి, మనసు పెట్టి... సగంలో ఆగింది. ఆ దొంగ మళ్లీ అడిగినట్టు ఎక్కడా లేదు. "దాన్ని చూసుకో తండ్రీ" అంది. తర్వాత ఏమనాలో తోచలేదు. తన గురించి కాకుండా ప్రార్థన మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో.

పాస్టరుగారు మెట్లెక్కి రొప్పుతూ వచ్చేసరికి పన్నెండు దాటింది.

"ప్రార్థన చేయించావా అమ్మా?"

"చేయించానయ్యగారూ."

ఆయనకు ఈమె సంగతి బాగా తెలుసు. "ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"మరి నువ్వు?"

"మొదలుపెట్టి ఆపేశాను. కడుపులో దేవేస్తోంది. ఆపి తప్పు చేశానేమో."

"దేవనీ" అంటూ ఆయన పక్కనే కూర్చుని చెమట తుడుచుకున్నారు. "నీ కడుపునడిగి రక్షిస్తాడటమ్మా ఆయన?"

మూసిన తలుపు వైపే చూస్తూ, మళ్లీ అదే ప్రార్థనకు కదలబోయే పెదవుల్ని ఆమె పళ్లతో అదిమి పట్టుకుని కూర్చుంది.