జిన్నింగు మిల్లులో అటకిల్లు

భైంసాలో పత్తి మార్కెట్ వెనక పాత జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. నిజాం కాలంలో కట్టింది. మనిషికి మూడింతల ఎత్తు రాతి గోడలు, వాటి మీద ఇనుప దూలాలు, రేకుల కప్పు, ఓ మూల పొగగొట్టం. డెబ్బై ఒకటిలో అది మూతపడింది. యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి. పన్నెండేళ్లు గబ్బిలాలు ఏలుకున్నాక, మిల్లు యజమాని కొడుకు జగన్మోహన్‌రావు దాన్ని ఇళ్లుగా మార్చాడు. పెద్ద హాలులో అడ్డగోడలు లేపి కింద తొమ్మిది ఇళ్లు చేశాడు. వాటి మీద చెక్కలు పరిచి, ఇనుప మెట్లు వేసి, పైన తొమ్మిది అటకిళ్లు చేశాడు. ఒక్కొక్కటి ఒక్కొక్కరి పేర రిజిస్టరు చేసి అమ్మాడు; నాలుగు మాత్రం చాలాకాలం అమ్ముడుపోక మిగిలాయి. గేటు మీద ‘చారిత్రక భవనంలో సొంత ఇల్లు’ అని బోర్డు రాయించాడు. తను మాత్రం ఆ ఆవరణలోనే, ఒకప్పటి మేనేజరు బంగళాలో ఉండేవాడు.

కింద ఇళ్లలో ఒకటి నేను కొన్నాను. నా పేరు సిద్దిరాములు. అప్పట్లో పత్తి మార్కెట్లో తూకాల గుమాస్తాను. సరిగ్గా మా నెత్తి మీది అటకింట్లో కొమురవ్వ ఉండేది. నేను చెప్పబోయేది ఆమె సంగతి.

కొమురవ్వది మాటేగాం. పద్నాలుగో ఏట ఈ మిల్లులోనే కూలికి చేరింది. ఆడవాళ్లు వరసగా నిలబడి రోలర్లకు పత్తి అందిస్తే దూది ఒక పక్క, గింజ ఒక పక్క పడేవి. పదిహేడేళ్లు ఆమె అదే పని చేసింది. ఆమె భర్త రాజయ్య అదే మిల్లుకు బండి మీద పత్తి తోలేవాడు. బండివాళ్లను గేటు దాటి లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఎండలో బయటే నిలబడి ఆ రాతి గోడలను చూసి చూసి, లోపల ఇంకేముందో అనుకునేవాడట. మిల్లు మూతపడ్డాక తాపీ పని నేర్చుకుని మస్కట్ పోయాడు. మిల్లును ఇళ్లు చేస్తున్నారని అక్కడ ఎవరో చెబితే, వెంటనే ఉత్తరం రాశాడు: ఒక ఇల్లు మనం తీసుకోవాలె, నువ్వు ఊరికే అడ్డం చెప్పకు అని.

సామాను ఎక్కిస్తున్న రోజు ఆమె మెట్ల మీద ఆగి నాతో అన్న మొదటి మాట ఇది.

“పదిహేడేండ్లు గీ దూది మింగి బయటవడ్డ, తమ్మీ. మా ఆయన నన్ను మల్ల గిండ్లనే తోలిండు.”

అప్పుడు నవ్వాను. నెల తిరగకముందే ఆ నవ్వు పోయింది.

మిల్లు ఆగి పన్నెండేళ్లయినా దూలాల మీద దూది అట్లాగే ఉంది. వేలి మందాన పేరుకుని, నూనె పట్టి నల్లబడి, గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా రాలేది. పప్పులో పడేది, పాలలో పడేది. వానాకాలం వస్తే బండల సందుల్లోంచి పాత పత్తిగింజల నూనె చెమటలాగా ఊరేది. ఆ ముక్కిపోయిన వాసనకు అన్నం గొంతు దిగేది కాదు. అటకిళ్ల మధ్య చెక్క గోడలు నెత్తి ఎత్తు వరకే. ఆపైన కప్పు దాకా పద్దెనిమిది ఇళ్లదీ ఒకటే గాలి. ఒకరు ఎండుచేపలు వేయిస్తే అందరం తిన్నట్టే. ఒకరు కాండ్రించి ఉమ్మితే అందరి మీదా పడ్డట్టే. పై చెక్కల సందుల్లోంచి కింద ఇళ్లలోకి కడుగునీళ్లు కారేవి. ఒకసారి మా ఆవిడ మనోరమ చపాతీలు చేస్తుంటే పిండి మీద చుక్కలు పడ్డాయి. అవి ఏం నీళ్లో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ సంగతి తెలిసి మా నెత్తి మీది కొమురవ్వ తన చెక్కలన్నిటి మీదా గోనెసంచులు పరిచి, బండెడు మట్టి తెప్పించి అలికింది. అలా చేసింది ఆమె ఒక్కతే.

బాయిలర్ గది వెనక నాలుగు పాయఖానాలు. అందరికీ అవే. వాటి గురించి చెప్పను.

అయినా ఎవరైనా చుట్టాలు వస్తే మేమందరం ఛాతీ విరుచుకుని గోడల మీద అరచేత్తో చరిచి చూపించేవాళ్లం. “నిజాం జమానా రాయి! గిసోంటి కట్టడం ఇప్పుడు దొరుకుతదా?” అనేవాళ్లం. కొమురవ్వ మాత్రం ఎన్నడూ అనలేదు.

ఎనభై ఏడు ఎండాకాలంలో నల్లా నీళ్లు వాసన రావడం మొదలైంది.

పొగగొట్టం పక్కన నాలుగు రాతి స్తంభాల మీద పెద్ద ఇనుప టాంకీ ఉండేది. ఒకప్పుడు బాయిలర్ కోసం కట్టింది. బావిలోంచి నీళ్లు మోటారుతో దానిలోకి ఎక్కించి, అందరి ఇళ్లకూ వదిలేవాళ్లు. మోటారు చూసే మనిషి బాలమల్లు అనే ముసలాయన. మొదట నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటేనే తెలిసేది. నాలుగు రోజులకు బిందె మూత తీస్తే తెలిసింది. జగన్మోహన్‌రావు దగ్గరికి పోయి చెప్పాం. ఇళ్లవాళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

“పాత ఇనుము కదా, తుప్పు వాసన,” అన్నాడాయన. “తుప్పు ఒంటికి మంచిదే. రక్తం పడుతది.”

మేం తలలూపి వచ్చాం. పటిక వేశాం, గుడ్డలో వడగట్టాం, కాచి చల్లార్చాం. కాస్తే వాసన ఇంకా లేచింది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మనోరమ మూడు రోజులు మంచం దిగలేదు. ఆమెకు కూడా ఆ నీళ్లే మరగబెట్టి తాగించాను.

ఇంతలో జగన్మోహన్‌రావు భార్య నిర్మలాదేవి ఓ మాట వదిలింది. టాంకీ నిచ్చెన కొమురవ్వ కిటికీకి ఆనుకుని ఉందనీ, ఆమె పైకెక్కి టాంకీ దగ్గర బట్టలు ఉతుకుతుందనీ, వాసన అక్కణ్ణుంచే వస్తుందనీ. ఆ మాట రెండు రోజుల్లో అన్ని ఇళ్లూ తిరిగింది. కొమురవ్వ మెట్లు దిగుతుంటే కొందరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఒకనాడు పొద్దున్నే కొమురవ్వ కొంగు నడుముకు దోపుకుని నిచ్చెన ఎక్కింది. కాసేపటికి దిగి, గోడవారగా కూర్చుని, ఖాళీ కడుపుతో వాంతి చేసుకుంది. నేను చెంబు తీసుకుని పరుగెత్తాను. చెంబులో నీళ్లు చూసి ఆమె నా చెయ్యి తోసేసింది.

“వద్దు తమ్మీ! కోతి చచ్చింది అండ్ల. ఉబ్బి, తోలు ఊడి, నీళ్లల్ల వెంట్రుకలు తేలుతున్నయి.”

నాలుక నా నోట్లోనే ఎవరిదో పరాయి మాంసం ముక్కలాగా అనిపించింది.

“ఇంకోటి చెప్పనా?” అంది మూతి తుడుచుకుని. “మూతకు తీగ కట్టి ఉన్నది. కొత్త తీగ. కోతి పడినంక ఎవలో చూసిన్రు. చూసి, మూసిన్రు.”

ఇద్దరం బాలమల్లు దగ్గరికి పోయాం. ముసలాయన కాసేపు మోటారు తుడుస్తున్నట్టు నటించాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

“పదిహేను దినాలాయె, బిడ్డా. దొరకు చెప్పిన. గిరాకి వచ్చి పోయేదాంక చప్పుడు చెయ్యకు, తీగ కట్టు అన్నడు. మిగిలిన ఆ నాలుగిండ్లు అమ్ముడువోవాలె గద.”

“మరి దొరింట్ల ఏం తాగుతున్రు?” అని అడిగింది కొమురవ్వ.

“బంగళాకు బావిలకెల్లి సీదా పైపు ఉన్నది. గీ టాంకీ నీళ్లు వాళ్లు ఎన్నడు తాగలే.”

నేను కొమురవ్వతో, ఆదివారం సంఘం కూర్చుంటుంది, అప్పుడు నెమ్మదిగా అడుగుదాం అన్నాను. మార్కెట్ కమిటీలో జగన్మోహన్‌రావు మాటకు విలువ ఉంది. నా ఉద్యోగం ఆ మాట మీదే నిలబడి ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. “గిరాకి ఎప్పుడొస్తుండు?” అని బాలమల్లును అడిగింది.

“ఇయ్యాల్నే. పది గంటలకు.”

పది గంటలకు నాందేడ్ నుంచి ఒక బట్టల సేటు, ఆయన భార్య జీపులో దిగారు. జగన్మోహన్‌రావు తెల్లటి ధోవతి కట్టుకుని వాళ్లను హాలంతా తిప్పాడు. గోడ చరిచాడు. దూలాలు చూపించాడు. నిర్మలాదేవి వెనక నడుస్తోంది. మేమందరం చేతులు కట్టుకుని, మా ఇల్లు కూడా చూసిపొమ్మన్నట్టు గుమ్మాల్లో నిలబడ్డాం. అప్పుడు కొమురవ్వ మెట్లు దిగి వచ్చింది. తోమిన ఇత్తడి చెంబు, రెండు గ్లాసులు, వాటి కింద పళ్లెం.

సేటు భార్య నవ్వి చెయ్యి చాచింది. కొమురవ్వ పళ్లెం వెనక్కి తీసుకుంది.

“థాంబా బాయీ, జర ఆగుండ్రి. మొదలు ఇంటి పెద్ద తాగాలె. తీసుకో దొరా.”

జగన్మోహన్‌రావు గ్లాసు వైపు చూశాడు. “నాకు దూప లేదు. లోపల పెట్టుపో.”

“ఎండల తిరుగుతున్నవు. ఒక్క గుక్కెడు.”

“వద్దంటి గద.”

“అయితే దొరసాని తాగుతది.” గ్లాసు నిర్మలాదేవి ముందుకు జరిపింది. ఆమె అడుగు వెనక్కి వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఏం దొరసానీ, తుప్పు రక్తానికి మంచిదేనాయె! మేమందరం పదిహేను దినాల సంది తాగుతున్నం. మా పోరగాండ్లు తాగుతున్రు. ఇగో, సిద్దిరాములు పెండ్లాం మంచంల వడి కూడ తాగుతున్నది.”

కొమురవ్వ గొంతు పెంచలేదు.

“టాంకీల కోతి కుళ్లింది, దొరా. నువ్వే తీగ కట్టిచ్చినవు. నీ బంగళాకు వేరే పైపు. ఇప్పుడు తాగు, లేకుంటే వీళ్లకు నిజం చెప్పు.”

ఆయన ఏదీ చెయ్యలేదు. మొహం మాత్రం ఉడికిన బీట్‌రూటులా అయింది. సేటు భార్య చెయ్యి పట్టుకుని జీపు వైపు నడిచాడు. ఆ తర్వాత హాలంతా ఒకటే వాంతుల చప్పుడు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు వంగిపోయాం. అంత మంది ఒక్కసారి డోకుతుంటే ఆ రాతి గోడల మధ్య ఎట్లా మోగిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టాంకీ కడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. జగన్మోహన్‌రావు బంగళా తలుపు వేసుకున్నాడు. చివరికి బాలమల్లు, కొమురవ్వ ఎక్కి, గోనెలో చుట్టి ఆ కళేబరాన్ని దించారు. ముక్కలు ముక్కలుగా వచ్చిందట. ఇద్దరూ నీళ్లన్నీ వదిలి, సున్నం వేసి రుద్దారు. మేం కింద దూరంగా నిలబడి, ఇంకా గట్టిగా రుద్దమని కేకలు వేశాం.

నేను ఇంత దాకా చెప్పింది చచ్చిన జంతువు సంగతి. అసలు రోత ఆదివారం నాడు చూశాను.

సంఘం, ఒకప్పుడు పత్తి బేళ్లు బిగించిన పాత ప్రెస్సు షెడ్డులో కూర్చుంది. జగన్మోహన్‌రావును కాలరు పట్టుకుంటారని అనుకున్నాను. అందరికంటే ముందు లేచింది మా పక్కింటి హనుమండ్లు. అతని చిన్న కూతురు విరేచనాలతో సెలైను బాటిల్ ఎక్కించుకుని అంతకు ముందు రోజే ఇంటికొచ్చింది.

“అయ్యిందేదో అయ్యింది,” అన్నాడు. “గని కొమురక్క గిరాకి ముంగట గట్ల చెయ్యొచ్చునా? భైంసంత తెలిసింది. ఇగ మన ఇండ్లు ఎవడు కొంటడు?”

“మెల్లగ చెవిల చెప్తే పోయేది గద,” అంది ఓ అటకింటి లీలాబాయి.

“ఇజ్జత్ దీసింది!”

ఒకరి తర్వాత ఒకరు అదే మాట. ఆ నీళ్లు తాగిన నోళ్లే. జగన్మోహన్‌రావు గొంతు సవరించుకుని, కొత్త టాంకీ పెట్టిస్తానన్నాడు, పాత సంగతి ఎవరూ బయట ఎత్తవద్దన్నాడు. అధ్యక్షుడిగా ఆయనే ఉండాలని ఒకరన్నారు. చేతులెత్తమన్నారు. లేచిన చేతుల్లో నాదీ ఒకటి. దాన్ని ఎవరూ పట్టుకుని లేపలేదు.

కొమురవ్వ షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మా అందరి చేతులనూ చివరిదాకా చూసింది. నా దగ్గర చూపు ఆగింది.

“నువ్వు గూడనా, తమ్మీ?”

నేను చెయ్యి దించలేదు. ఇప్పుడు దించితే అందరూ చూస్తారనిపించింది.

ఆ తర్వాత ఆమె మిల్లు నల్లా ముట్టలేదు. మూడేళ్లు బజారు మూల మున్సిపాలిటీ నల్లా నుంచి బిందె మోసుకుంది. కొత్త టాంకీ వచ్చాక కూడా అంతే. ఎవరితోనూ కొట్లాడలేదు. దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది, తడి తగులుతుందేమో అన్నట్టు.

ఎనభై తొమ్మిదిలో రాజయ్య ఇల్లు కొన్నాక మొదటిసారి మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన రోజే గోడలన్నీ నిమిరి చూశాడు. మూడో రోజుకు దగ్గు పట్టుకుంది. సంఘంవాళ్లు ఆయన్ని కూర్చోబెట్టి, నీ పెండ్లాం నోరు మంచిది కాదు అని మొత్తం చెప్పారు. ఆయన అంతా విని పైకి పోయాడు. మెట్ల వైపు నుంచి వాళ్ల మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి.

“నాకెందుకు రాయలే?”

“ఏమని రాయాలె? నువ్వు ఇష్టపడి కొన్నవు.”

తర్వాత ఆయన దగ్గు వినబడింది.

“గీడ ఉండద్దు, కొమురీ,” అన్నాడు రాజయ్య. “బయట నిలవడి చూసినప్పుడే మంచిగుండె.”

మరుసటేడు ఆ అటకిల్లు అమ్మేశారు. కొన్న వ్యాపారికి కొమురవ్వ అన్నీ చెప్పింది: దూది, నూనె, పాయఖానాలు, కోతి, సంఘం. అతను అంతా విని, గోనెసంచులు పెట్టుకోవడానికే కదా అని కొనేశాడు. వాళ్లు ముథోల్ రోడ్డు మీద రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నారు. రాజయ్యే స్వయంగా గోడలు లేపాడట. నేను మిల్లులోనే ఉండిపోయాను.

తొంభై రెండులో ఒకసారి బస్టాండులో కొమురవ్వ కనిపించింది. పెళ్లయి ముథోల్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది. ఒంటరిగా బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి మనోరమ ఎట్లుందని అడిగింది, పిల్లల చదువులు అడిగింది. గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. పక్కనున్న సంచీ ఒళ్లోకి తీసుకుని, కూసో తమ్మీ అంది.

నా బస్సు వచ్చిందని చెప్పాను. ఏ బస్సూ రాలేదు. నడిచి టికెట్ల కిటికీ అవతలికి పోయి, ఆమె బస్సెక్కి పోయేదాకా స్తంభం చాటున నిలబడ్డాను.