షాఫ్ట్ మీద తొమ్మిది చుక్కలు

హాజరుపట్టీలో ఆవిడకూ ఒక పేరుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆవిడే తిరిగి చూడదు. మిలటరీ బళ్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లుగా ఆవిడ టర్నరమ్మ. గేటు కాపలావాడి నుంచి పెద్ద ఆఫీసరు దాకా అందరికీ అంతే.

ఇనుమును గిరగిర తిప్పి ఉలితో చెక్కే ఆ లేత్ మిషను మొదట ఆవిడ భర్తది. ఆయన కామెర్లతో పోయాడు. పాపం అని పైవాళ్లు ఈవిడకు ఆఫీసులో నీళ్లందించే పని ఇస్తామన్నారు. "నీళ్లు ఎవరైనా అందిస్తారు. ఆ మిషను ఖాళీగా ఉంది కదండీ" అందట. ఇంకేముంది, షెడ్డంతా ఒకటే నవ్వు. "జడ వెళ్లి ఆ తిరిగే చక్‌లో పడితే ఏం చేస్తావమ్మా?" అన్నాడు ఫోర్‌మన్. "నా జడ సంగతి నేను చూసుకుంటా. మీ మీసాలు పడకుండా మీరు చూసుకోండి" అంది. ఆ మాటతో సగంమంది నోళ్లు మూతపడ్డాయి. మిగతా సగం మూయించడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆవిడ చేత వాషర్లు తప్ప మరోటి చేయించలేదు మహానుభావులు. వేలకు వేలు వాషర్లు! చేసింది. ఒక్కటీ వంకర పోలేదు. ఆ తర్వాత అడిగి మరీ పని ఇవ్వడం మొదలుపెట్టారు. టర్నరమ్మ చేతి పని తిరిగి రాదు అనే మాట ఆ షెడ్డులో అలా పుట్టింది. ఇంకో రెండు నెలల్లో ఆవిడ రిటైరవుతుంది.

ఇక డ్రైవరు సంగతి. అతను అంబులెన్సు తోలతాడు, ఈ మధ్యే ఆ బండి అతని చేతికి వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా స్టీరింగే అతని లోకం. కిందటి సోమవారం పొద్దున్న, కడుపులో పేగు పగిలిన ఒక కుర్ర సిపాయిని ఆసుపత్రికి తీసుకుపోతుంటే, సగం దారిలో, ఒక మలుపు దగ్గర, బండి నిలిచిపోయింది. ఆల్టర్నేటరు ఉంటుంది చూడండి, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీకి పెట్టేది, దాని పుల్లీ వదులై ఊగి ఊగి బెల్టును కొరికేసింది. ఇంజనును చల్లబరిచే నీళ్లను తిప్పేదీ ఆ బెల్టే. అది తెగితే ఇంజను కుంపటే. వేరే బండి వచ్చేసరికి గంటన్నర పట్టింది. కుర్రాడు చావు తప్పి బయటపడ్డాడు. ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు.

ఎవరో ఒకరి మెడకు చుట్టాలి కదా! 'పుల్లీ నట్టు వదులుగా ఉంది, రోజూ చూసుకోవలసిన డ్రైవరు చూసుకోలేదు' అని ఆఫీసరు కాగితం రాశాడు. ఇవాళ మూడింటికి విచారణ. తప్పు తేలితే డ్రైవరు ఇంక జన్మలో మిలటరీ బండి తోలడు. ఏ గోడౌనులోనో మూటలు లెక్కపెట్టుకుంటూ కూచోవలసిందే.

ఆ పాతకాలపు బండికి కొత్త ఆల్టర్నేటరు ఎక్కడా దొరకదు. ఉన్న అంబులెన్సు అదొక్కటే. అందుకని పుల్లీ కూచునే ఇరుసును, ఆ పాడైన షాఫ్టునే బాగుచేయమన్నారు. డ్రైవరే దాన్ని విప్పి, గోనెగుడ్డలో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చి టర్నరమ్మ బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా, ముఖం అలా వేలాడేశావేం?" అంది ఆవిడ.

అతను అంతా చెప్పాడు.

"రోజూ బిగించేవాడివా?"

"ఒట్టమ్మా. పొద్దున లేస్తే మొదటి పని అదే. ఎంత బిగించినా మర్నాటికి మళ్లీ వదులే. ఫోర్‌మన్ గారికి చెబితే, నట్టు బిగించడానికి కూడా నేనే రావాలా అని కసిరాడు."

ఆవిడ ఊఁ అంది. షాఫ్టును కిరసనాయిల్లో కడిగింది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది దాని అవతారం! పుల్లీ జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప కీ ఇరుకున కూచోవలసిన గాడి, నమిలేసినట్టు వెడల్పయిపోయింది. కొసన నట్టు పట్టే మరలు అరిగి నున్నబడ్డాయి. దాన్ని చక్‌లో బిగించి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూసుకుంది. మిషను వేసి, మొదటి కోతకు ఉలిని షాఫ్టుకు వెంట్రుకవాసి దూరంలోకి తెచ్చింది.

అంతే, టక్కున స్విచ్ ఆపేసింది.

కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. షాఫ్టు మీద ఒకచోట గోరుతో గీరి చూసింది. డ్రైవరు ఏం చేయాలో తోచక కాలు మార్చి కాలు నిలబడ్డాడు.

"ఆఫీసరు గారిని పిలుచుకురా" అంది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమైందమ్మా? నా వల్ల ఏమైనా..."

"పిలుచుకురావయ్యా. ఆయన వచ్చి చూసేదాకా ఈ మిషను తిరగదు."

ఆ ఆవరణ దాటి ఆఫీసు గదికి నూరడుగులుంటుందేమో. ఆ నూరడుగులూ అతను తన ఉరికి తాడు తనే తెచ్చుకుంటున్నట్టు నడిచాడు. అతిగా బిగించడం వల్లే పాడైందంటుందా? నట్టు మరలు అరగదీసింది నువ్వేనంటుందా? ఎంత ఆలోచించినా మంచి ఒక్కటీ తట్టలేదు.

ఆఫీసరు వయసులో చిన్నవాడు, తొందర మనిషి. "ఇంకా మొదలెట్టలేదా?" అంటూనే వచ్చాడు. వెనకాలే ఫోర్‌మన్.

టర్నరమ్మ భూతద్దం అందించింది. "ఇక్కడ చూడండి సార్. చుక్కలు కనబడుతున్నాయా?"

"మూడు వరసల్లో... తొమ్మిది. ఏమిటివి?"

"పుల్లీ వదులైనప్పుడు షాఫ్టు మీద మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో చుక్కలు పొడుస్తారు సార్. చుక్క చుట్టూ ఇనుము ఉబ్బుతుంది, పుల్లీ బిగుసుకుంటుంది. అది గండం గడవడానికి చేసే పని. పది రోజులు ఆగుతుంది. తర్వాత ఆ ఉబ్బు నలిగిపోతుంది. అప్పుడిక నట్టు మీద నట్టు బిగించినా పుల్లీ ఆగదు. ఈ అబ్బాయి రోజూ బిగించానన్నది నిజమే. బిగించి లాభం లేని చోట బిగించాడు."

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "ఎవడు చేశాడీ దిక్కుమాలిన పని?"

"ఎవడో కాదు సార్. నేనే."

ఫోర్‌మన్ ముందుకు వంగి చుక్కలు చూశాడు.

"మూడేసి చొప్పున పొడవడం నా చేతి అలవాటు. ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. పోయిన నెల వరదలప్పుడు బయట ఇరవై బళ్లు వరసలో ఉన్నాయి. పది రోజుల్లో తీసుకురా, సరిగ్గా చేసిస్తానని అప్పటి డ్రైవరుకు నోటితో చెప్పాను. జాబ్ కార్డు మీద రాయలేదు. ఆయనకు బదిలీ అయింది. నేను మరిచిపోయాను. అంతే సార్. ఒక్క ముక్క రాయకపోయినందుకు ఆ కుర్రాడి ప్రాణం మీదికొచ్చింది."

ఆఫీసరు భూతద్దం దించాడు. షాఫ్టు పక్కనే ఆగిన ఉలి వంక చూశాడు. "మీరు ఒక్క కోత కోసి ఉంటే ఈ చుక్కలు ఉండేవే కావు కదా?"

"ఉండేవి కావు. అందుకే ఆపాను."

డ్రైవరు మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక్క కోత! రెండు నిమిషాల పని. చుక్కలు ఇనుప రజనులో కలిసిపోయేవి, ఆవిడ పేరు ఆవిడకు దక్కేది, ఇతను గోడౌనులో మూటలు లెక్కపెట్టుకునేవాడు. ఎవరికీ తెలిసేదే కాదు. ఆవిడ స్థానంలో నేనుంటే ఆపేవాణ్నా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆపేవాణ్ననే ధైర్యం అతనికి చాలలేదు. మనిషన్నవాడు ఇలా కూడా ఉంటాడా అనుకున్నాడు.

ఆఫీసరు తన కాగితంలో డ్రైవరు మీద రాసిన వాక్యం కొట్టేశాడు. కింద కొత్తది రాశాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అది చదివింది. "'పొరపాటు జరిగింది' అని రాశారు. ఎవరు చేశారో కూడా రాయండి సార్" అంది. రాశాడు.

"అయితే ఇక ఈ పని మీరు ముట్టుకోకూడదు" అన్నాడు ఆఫీసరు, కాస్త ఇబ్బందిగానే. "ఎవరి పని మీద విచారణ ఉందో వాళ్ల చేతికి అదే పని ఇవ్వకూడదు. ఫోర్‌మన్, మీరు చూడండి."

ఫోర్‌మన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. అరిగిన షాఫ్టుకు ఇనుము పోసి, వంగకుండా మళ్లీ కొలతకు తెచ్చే చెయ్యి ఆ షెడ్డులో ఇంకొకటి లేదు. అది అక్కడ అందరికీ తెలుసు.

"ఆవిడే చెయ్యాలి సార్" అన్నాడు డ్రైవరు. ఆఫీసరు ముందు నోరెత్తడం అతనికి అదే మొదలు. "ఆ బండి తోలేవాణ్ని నేను. ఆవిడ చేస్తేనే తోలతాను. లేదంటే నా లైసెన్సు ఇప్పుడే తీసేసుకోండి."

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కానివ్వండి. నేనూ ఇక్కడే ఉంటాను" అని స్టూలు లాక్కుని కూచున్నాడు.

ఇక ఆ పని చూడాలి! షాఫ్టు మీద ఉన్న రాగితీగల చుట్టకు వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టింది. వెల్డరు ఇటు ఒక బొట్టు, అటు ఒక బొట్టు ఇనుము పోస్తుంటే, బొట్టు బొట్టుకూ చెయ్యి దగ్గర పెట్టి "ఆగు, ఇంకా వేడిగా ఉంది. చల్లారనీ" అనేది. ఒకేవైపు పోస్తే షాఫ్టు ఆ వైపుకు వంగిపోతుందట. ఆకలేస్తోందని వెల్డరు గునిసినా ఆవిడ లేవలేదు. గడ్డలు కట్టిన ఆ ఇనుమును లేత్ మీద ఎక్కించింది. మొదట నల్లటి పెచ్చులు రాలాయి. తర్వాత నీలం చుట్టలు వచ్చాయి. ఆ తర్వాత తెల్లగా, వెంట్రుకలంత సన్నగా వచ్చాయి. చివరికొచ్చేసరికి ఉలి తగులుతోందో లేదో కూడా తెలియలేదు, రజను మాత్రం పొగలా లేచింది. కోతకొకసారి ఆపి కొలిచేది. పాత గాడిని పూడ్చేసి, దానికి సరిగ్గా ఎదురువైపు కొత్త గాడి తీసింది. మరలు కొత్తగా కోసింది. పద్దెనిమిదేళ్లు బళ్లతోనే బతికిన డ్రైవరు, బండి లోపల ఇంత ఓర్పు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. గోడ గడియారం చూస్తే మూడున్నర. విచారణ మాట ఎవరికీ గుర్తే లేదు.

కొత్త బేరింగులూ కొత్త బెల్టూ వేసి ఆల్టర్నేటరును బండికి ఎక్కించేసరికి సాయంత్రమైంది. ఇంజను వేస్తే పుల్లీ తిరుగుతోందా ఆగి ఉందా అన్నంత నిలకడగా తిరిగింది. ఫోర్‌మన్ వంగి చూసి, "అబ్బా!" అన్నాడు.

"టెస్టుకు ఎవరు వెళ్తారు?" అన్నాడు ఆఫీసరు.

టర్నరమ్మ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "నేనెక్కుతాను సార్. నా పని మళ్లీ జారితే, లోపల రోగి ఉండగా కాదు, నేనుండగా జారాలి."

డ్రైవరు ముందు తలుపు తెరిచాడు. "కూచోండమ్మా."

"ఇక్కడ కాదు" అని ఆవిడ వెనక్కి వెళ్లి, రోగిని పడుకోబెట్టే స్ట్రెచరు పక్కన కూచుంది.

అతను బండి కదిలించాడు. గేటు దాటారు. బండి ఒకే సాగున పోతోంది. సోమవారం బండి నిలిచిపోయిన ఆ మలుపు వచ్చింది, దాటింది. అతను అద్దంలో చూశాడు. ఆవిడ ఖాళీ స్ట్రెచరు మీద చెయ్యి వేసి ఏడుస్తోంది. అతను వేగం తగ్గించబోయాడు.

"ఆపకు నాయనా. ఆసుపత్రి దాకా పోనీ" అంది. "ఆ అబ్బాయి ఏ మంచం మీద ఉన్నాడో నీకు తెలుసుగా?"

"తెలుసమ్మా. రోజూ వెళ్తున్నాను."

"నువ్వు బయటే ఉండు. ఆ అబ్బాయితో నేను చెప్పుకోవలసింది ఉంది."

"నేనూ వస్తానమ్మా" అన్నాడు డ్రైవరు.