తాబేలుకు గడి గీసిన అయ్యవారు

మీరు రోగాన్ని దాచేవాళ్ళు. ఇంట్లో క్షయ ఉంటే "ఉష్ణం చేసింది" అంటారు. వాంతులు, భేదులు పట్టుకుంటే "పెండ్లిభోజనం పడలేదు" అంటారు. దొడ్లో గొర్రె జబ్బుపడితే పక్కింటివాడికి తెలియకముందే సంతకు తోలేస్తారు. కోపం వచ్చిందా? రానీండి. మొన్న మంగళవారం ధర్మవరంలో చనిపోయిన మా సైన్సు అయ్యవారు ఒక్క రోగాన్ని కూడా దాచలేదు. ఆయన కోసమే ఈ నాలుగు మాటలు. మెత్తగా రాయడం నాకు చేతకాదు.

హిందూపురంలో ఒకే హైస్కూల్లో ఆయన సైన్సు, నేను తెలుగు చెప్పేవాళ్ళం. వరండా చివర ఆయన గాజుపెట్టె ఉండేది. మిఠాయి అంగడివాళ్ళు పారేసిన అద్దాల బీరువాను పక్కకు పడుకోబెట్టి, అడుగున ఎర్రమట్టి పోసి, రెండు బండలు, ఒక జెముడు మొక్క, మూకుట్లో నీళ్ళు పెట్టారు. పెనుకొండ కొండకింద పొదల్లో దొరికిన చుక్కల తాబేళ్ళు రెండు అందులో కాపురముండేవి. మొదటి గంట కొట్టకముందే ఆయన వాటి ముందు గొంతుక్కూర్చుని నోటుబుక్కులో రాసుకునేవారు. తిన్నాయా, కండ్లు తెరిచాయా, ముక్కు పొడిగా ఉందా, పెంటిక గట్టిగా ఉందా పలచనా.

"పిల్లోళ్ళ హాజరు కంటే తాబేళ్ళ హాజరే ముందేమప్పా?" అని మేము ఎగతాళి చేసేవాళ్ళం.

"కడుపు నొస్తే పిల్లోళ్ళు చెప్తారు. ఇవి యాడ చెప్తాయప్పా?" అనేవారు, తల ఎత్తకుండానే.

పిల్లలకు ఆయన నేర్పింది రెండే. తాబేలును ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సబ్బుముక్క ఆయనే ఇంటినుంచి తెచ్చేవారు. రెండోది: "చూసింది నడిమిన రాయండి, అనుకునింది అంచున రాయండి. రెండూ కలపాకండి."

ఆ పెట్టెకు ఒకసారి అద్దం పగిలితే కొత్తది వేయించింది బెల్లం మండీ సావుకారు. మా బడి కమిటీలో పెద్దమనిషి. కొత్త మండీ తెరిచేటప్పుడు ఆయన నుంచి కబురొచ్చింది. "అయ్యవారూ, తాబేలంటే కూర్మావతారం. ఒకదాన్ని పది దినాలు మా ఇంట్లో పెట్టుకుంటే ఏం పోతాది?" అద్దం వేయించిన మనిషి కదా, కాదనలేక అయ్యవారు పెద్ద తాబేలును పంపారు. నాకు తెలిసి ఆయన చేసిన తప్పు అదొక్కటే. ఆ ఇంట్లో రోజూ దాన్ని ఇత్తడి పళ్ళెంలో కడిగి, ఆ కడిగిన నీళ్ళనే తీర్థమని పిల్లల దోసిళ్ళలో పోశారు. అవతారానికి కూడా పేగు ఉంటుందని, పేగులో ఉన్నది నీళ్ళలోకి వస్తుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మీకైతే తోచి ఉండేదా?

పదకొండో రోజు తాబేలు తిరిగి వచ్చింది. ముక్కులో నీటిబుడగలు, వాచిన రెప్పలు, ఆకుపచ్చగా నీళ్ళ విరేచనం. అయ్యవారు దాన్ని వేరే చెక్కపెట్టెలో పెట్టి, రెండోదాని దగ్గరికి రానీయలేదు. మరి నాలుగు రోజులకు సావుకారు పెద్దకూతురు బడికి రాలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలకు జ్వరం, భేదులని, వైద్యుడు పెరటి తలుపున వచ్చిపోతున్నాడని బడిపిల్లలే చెప్పారు. ఊరికి తెలిస్తే కలరా అంటారు, మండీ గడప ఎవరూ తొక్కరు. అందుకని వీధి తలుపు మూశారు.

"హెల్తు ఇన్‌స్పెక్టరుకు రాసిస్తాండా" అన్నారు అయ్యవారు.

"నెత్తి తిరిగిందేమప్పా నీకు? తాబేలు నీది, పంపింది నువ్వు. నీ మెడకే చుట్టుకుంటాది" అన్నాను.

"నాది కాబట్టే రాస్తాండా. పరాయోళ్ళదైతే చాడీ అంటారు."

ముందు పశువుల ఆసుపత్రికి పోయాం. కాంపౌండరు రోగాల పట్టీ తెరిచి వేలితో చూపించాడు. "ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక, కోడి. ఈడికి సరి. తాబేలుకు గడి లేదు సార్."

"లేకుంటే గీయప్పా."

"పైనోళ్ళు అడిగితే ఏం చెప్పేది?"

"హిందూపురంలో తాబేలుకు జబ్బు చేసిందని చెప్పు. అబద్ధమేం కాదే!"

కాంపౌండరు నవ్వి పెన్సిలు ఆయన చేతికే ఇచ్చాడు. అయ్యవారు అగ్గిపెట్టె ఆనించి గీత గీశారు. గడి నడిమిన లక్షణాలు రాశారు. అంచున, "ఒక ఇంట్లో పిల్లలకు దీనివల్ల కావచ్చు" అని రాశారు. అక్కణ్ణుంచి నేరుగా హెల్తు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి, సావుకారు ఇంటి సంగతి రాసిచ్చారు.

ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టరు ఆ ఇంటికి పోయి, పిల్లల్ని ఆసుపత్రికి చేర్పించాడు. చిన్నపాపకు కండ్లు లోతుకు పోయాయట. ఇంకొక దినం ఆగి ఉంటే దక్కేది కాదని డాక్టరు అన్నాడు. దక్కింది. కారణం తాబేలా, బావి నీళ్ళా అన్నది ఎవరూ తేల్చలేదు. "తాబేలే అని నేను రాయలా. కావచ్చు అని అంచున రాసినా" అని అయ్యవారే అందరికీ చెప్పేవారు.

బిడ్డ బతికినందుకు సావుకారు ఏం చేశాడనుకున్నారు? "నా ఇంటిని బజారుకీడ్చినాడు" అన్నాడు. గాజుపెట్టె తీసేయాలని, పెట్టినవాణ్ణి బదిలీ చేయాలని కమిటీ ఒక కాగితం తయారుచేసి, ఉపాధ్యాయుల చేత సంతకాలు పెట్టించింది. సభల్లో గొంతు చించుకుని మూఢనమ్మకాలను దుమ్మెత్తిపోసే నేనేం చేశాను? మూడో సంతకం నాది. మిమ్మల్ని తిట్టే ముందు ఇది చెప్పి ఉండాల్సింది.

గాజుపెట్టె సామాన్ల గదికి పోయింది. కోలుకున్న పెద్ద తాబేలును, చిన్నదాన్ని తట్టలో పెట్టుకుని అయ్యవారు బదిలీ మీద ధర్మవరం బస్సెక్కారు. ఎక్కేటప్పుడు తట్ట నేను అందించాను. సంతకం సంగతి ఆయన ఎత్తలేదు. "తట్ట ముట్టినావు, చేతులు కడుక్కోప్పా" అన్నారు, అంతే.

రెండేళ్ళ కిందట ఆయనకు క్షయ అని తేలింది. తానే బడికి రాసిచ్చి, మగ్గాల వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పి, తన లోటాను వేరే మేకుకు తగిలించుకున్నారు. తాబేళ్ళను చూడవచ్చే పిల్లలు రావడం మానేశారు. నేను మండిపడితే నన్నే ఆపారు. "చెప్పినందుకు రాలేదు. చెప్పకుంటే వచ్చి అంటించుకుని పోతాండ్రి. ఏది మేలబ్బా?"

మొన్న నేను ధర్మవరం పోయినప్పుడు ఆయన భార్య ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. చివరి పుటలో ఆదివారం తారీకు కింద మూడు ముక్కలున్నాయి. "పెద్దది తిన్నది. చిన్నది తినలేదు, ముక్కు తడి. నేను తినలేదు."

సంతాపసభ వద్దు. నేనడిగేవి ఇవి:

ఒకటి. రోగం ఉందని చెప్పినవాణ్ణి బదిలీ చేయకూడదు.

రెండు. హిందూపురం గాజుపెట్టెను సామాన్ల గదిలోంచి తెచ్చి వరండాలో పెట్టాలి. పక్కన సబ్బుముక్క ఉండాలి.

మూడు. తాబేలు కడిగిన నీళ్ళు పిల్లల నోట్లో పోయకూడదు.

నాలుగు. ఆ కాగితం మీది నా సంతకం కొట్టేయాలి. కొట్టేసినట్టు తెలిసేలా కొట్టేయాలి.

అయిదు. పశువుల ఆసుపత్రుల పట్టీలన్నిటిలో తాబేలుకు గడి ఉండాలి. ధర్మవరంలో చిన్న తాబేలు ఇంకా తినలేదు. రేపు పొద్దున దాన్ని తట్టలో పెట్టుకుని ఆసుపత్రికి వస్తాను. గీసి ఉంచండి.