శాలువాల అంతయ్య

కొత్తపేట వృద్ధుల సంఘం అధ్యక్షుడు అంతయ్య కోపమొస్తే పళ్లసెట్టు తీసి జేబులో వేసుకుంటాడు. తిట్లకు అది అడ్డమట. ఎల్బీ నగర్ బస్టాపులో ముసలోళ్లు కూర్చోవడానికి బెంచీలు వేయించమని మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఎప్పుడు అడగబోయినా, ఆయన నోరు తెరిచేలోపే అధికారి శాలువా కప్పి, ఫొటో దిగి, చప్పట్లు కొట్టించి పంపేస్తాడు. ఇంట్లో శాలువాలు గుట్టపడ్డాయి గానీ, బస్టాపులో ముసలోళ్లు మాత్రం నిలబడే ఉన్నారు. మొన్న సోమవారం మళ్లీ శాలువా కప్పాడు. అంతయ్య బుద్ధిగా ఫొటో దిగి, పళ్లసెట్టు తీసి జేబులో వేసుకుని, ఆ కొత్త శాలువాను అధికారి గది గుమ్మానికి అడ్డంగా పరిచి దానిమీద పడుకున్నాడు.

"లేవండి పెద్దాయనా, నేను లంచ్‌కు పోవాలి!" అన్నాడు అధికారి.

"నన్ను దాటి పోన్రి సార్. ఫొటోలు తీసేటోడు ఇంకా ఈడనే ఉన్నడు."