సింహం కింద విప్పిన బూట్లు

యుద్ధం ముగిసిన ఎండాకాలంలో మా కంపెనీ ఇటలీ చివర ఒక చిన్న రేవుకు చేరింది. ఉదయం ఆరింటికి లారీ దిగాం. సన్నటి వాన, ఉప్పుగాలి. భుజాన రైఫిలు, యాభై తూటాలు, రెండు దుప్పట్లు. ఆ ఒడ్డు మాదంటే మాదని రెండు దేశాలు పట్టుబట్టాయి. తగువు తేలేదాకా కోటగుమ్మం కాయమని ఉత్తర్వు.

గుమ్మం మీద రాతి సింహం. రెక్కలున్నాయి, పంజా కింద పుస్తకం. చూడగానే వంగి బూట్లు విప్పి చేతబట్టుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. మా జనగామ వైపు దొరుండే కోటలాంటి గడి ముందు చెప్పులతో ఎవరూ నడవరు.

గుంటూరువాడైన మా హవల్దారు నవ్వాడు. "ఏవయ్యా, ఇక్కడ ఏ దొరున్నాడని?"

"గిది గడి లెక్కనే ఉన్నది సాబ్."

ఉప్పుమడుల్లో పనిచేసే ముసలాయనకు కాస్త ఇంగ్లీషు వచ్చు. హవల్దారు ఆయన్నడిగి నాకు చెప్పాడు. "అది వెనిస్ వాళ్ళ గుర్తటోయ్. వాళ్ళకి రాజు లేడు, ఓడల షావుకార్లే ఏలారు. ఇక్కడి ఉప్పు వాళ్ళకే అమ్మాలి, వాళ్ళు చెప్పిన ధరకే. పోటీకొచ్చి జెనోవా షావుకార్లు ఈ ఒడ్డంతా తగలబెట్టారట. వెనిస్ వాళ్ళు మళ్ళీ గెలిచి ఊరోళ్ళ చేతే గోడ కట్టించారట."

"ఊరోళ్లు ఏమన్లేదా?"

"వాళ్ళనెవరు అడిగారు?"

"గిప్పుడా షావుకార్లేరి?"

"ఎప్పుడో పోయారు. సింహం మిగిలింది."

ఆ మాట నన్ను పట్టుకుంది. అంతటి వాళ్ళే పోతే మా దొరెంత అనుకున్నాను. నాలుగు నెలలు, రోజూ పొద్దున ఆరు నుంచి పది దాకా, ఆ సింహం కింద బూట్లతోనే కాపలా కాశాను. గడి ముందు కూడా ఇలాగే నడుస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఊరి నుంచి మా అన్న ఉత్తరం రాయించాడు: "తమ్మీ, ఊర్ల సంగం పెట్టినం. వెట్టి బందు జేసినం. జల్ది రా."

మరుసటేడు జనగామ స్టేషన్లో దిగాను. మధ్యాహ్నం మూడు, మండే ఎండ. ఎనిమిది మైళ్ళు నడిచాను. గడికి ఇవతలే బాపు ఎదురొచ్చాడు.

"అన్నేడి బాపు?"

"లేడు కొడుకా. మొన్న ఐతారం దొర మనుషులు గీడనే తుపాకితోని కాల్చిండ్రు. బూట్లిప్పు."

నేను కదల్లేదు.

"నువ్వొక్కనివే మిగిలినవ్. నీ కాల్మొక్త, ఇప్పు."

దుమ్ములో కూర్చుని నా లేసులు పట్టుకున్నాడు. జన్మలో బూటు తొడిగినవాడు కాదు, ముడి ఎటు లాగాలో తెలియలేదు. గడి మెట్ల మీద నుంచి దొర మనుషులు చూస్తున్నారు. నేను వద్దనలేదు. సిగ్గులేనివాణ్ణి, కాలెత్తి ఇచ్చాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు దొర పోయాడు, గడీ కూలింది. యుద్ధంలో ఏం చూశావు తాతా అని మీరు నన్ను అడుగుతుంటారు. నాకు బాపు వేళ్ళే కనబడతాయి, లేసు ముడి ఎటు లాగాలో తెలియక తడుముకుంటూ.