గుర్రాలాయన గోరీ పక్కన

ఈ మాట తుమ్మముల్లులా నాలో దిగి, విరిగి, లోపలే ఉండిపోయి చాలా ఏళ్లయింది. పైన చర్మం కప్పుకుంది. కాలు మోపినప్పుడల్లా మాత్రం ఉన్నానంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నాను. నేను చేసింది తప్పేనా? తప్పే. ఎంత తప్పు? అది మాత్రం ఈరోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

మాది గోరంట్ల వైపు ఊరు. అరవైల మొదట్లో నేను అక్కడ బడిపంతులిని. మా చేని గట్టున ఒక పాత గోరీ ఉంది. గుర్రాలాయన గోరీ అంటారు. ఆయన ఎప్పుడో ఉత్తరాన్నుంచి గుర్రమెక్కి దోచుకోవడానికి వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడే నిలిచిపోయాడట. ఆయనకు ఇద్దరు కొడుకులనీ, ఒకరి సంతానం మేమనీ, రెండో ఆయన సంతానం ఎద్దుల గిట్టలకు ఇనుప లాడాలు కొట్టే దస్తగిరి వాళ్లనీ పెద్దలు చెప్పేవారు. నిజమో కాదో ఎవరికెరుక? తొలివాన పడ్డాక, విత్తనం వేయకముందు, ఆ గోరీ దగ్గర మేం టెంకాయ కొట్టేవాళ్లం, దస్తగిరి చక్కెర పెట్టి ఫాతెహా చదివించేవాడు. ఆ చక్కెర ముందు ఎద్దుల నోట్లో పెట్టి, తరువాత అందరం తినేవాళ్లం. అయినా దస్తగిరిని నేను మామా అనే పిలిచేవాణ్ణి. ఊళ్లో సాయిబులందరినీ అలాగే పిలుస్తాం. ఒక్క తాత బిడ్డలమే అయితే చిన్నాయనా అనాలి కదా. ఆ ఆలోచన అప్పుడు ఎందుకు రాలేదో.

ఒక ఏడు తొలివాన ఎంతకీ పడలేదు. దస్తగిరికి దగ్గు పట్టుకుని మనిషి చిక్కి సగమయ్యాడు. ఒకరోజు మా నాయన దగ్గరికి వచ్చి, తాను పోతే గుర్రాలాయన పక్కన పూడ్చమని అడిగాడు. ఆయన మమ్మల్ని కోరిన కోరిక జీవితంలో అదొక్కటే. నాయన చూద్దాంలే అన్నాడు.

ఆ వారమే ఊరికి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఐర్లండు దేశపు దొరసాని, యాభై దాటిన మనిషి. ఊరూరా తిరిగి వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద నెత్తుటి చుక్క పెట్టి, ఎవరిది ఏ గ్రూపో రాసుకునేది. ఆమె ఇంగ్లీషును తెలుగు చేసే పని నాది. నాయనకు అది చూసి దారి దొరికినట్టుంది. "నెత్తురు ఒకటేనని దొరసాని చెప్తే ఆడ్నే పూడుద్దాంలే" అన్నాడు.

గుర్రాలాయన గురించి పెద్దలు చెప్పే మాట డాక్టరమ్మకు ముందే ఇంగ్లీషులో చెప్పాను. నాయనా, దస్తగిరీ బడి అరుగు మీద పక్కపక్కన కూర్చుని చేతులు చాపారు. డాక్టరమ్మ నాయన చెయ్యి పట్టుకుంది, తరువాత దస్తగిరి చెయ్యి. ఉన్నట్టుండి రెండు చేతులనూ దగ్గరికి చేర్చి చూసింది. ఇద్దరి చిటికెన వేళ్లూ ఒకే తీరున లోపలికి వంగి ఉన్నాయి. నేను నా చెయ్యి పంచె మడతలో దాచుకున్నాను.

ఆమె నవ్వి తన చెయ్యి చూపించింది. ఉంగరపు వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంది. వాళ్లింట్లో దాన్ని ఓడదొంగల వేలు అంటారట. వైకింగులనే వాళ్లు ఉత్తరపు సముద్రం మీద ఓడల్లో వచ్చి వాళ్ల దేశాన్ని దోచారట. కొందరు తిరిగిపోకుండా అక్కడి ఆడపిల్లలనే పెళ్లాడి, పట్నాలు కట్టి, ఆ జనంలోనే కలిసిపోయారట. దోచినవాడూ, ఇల్లు పోగొట్టుకున్నవాడూ ఇద్దరూ తనలోనే ఉన్నారనీ, ఎవరి పాలు ఎంతో తనకే తెలియదనీ, తమవాళ్లంతా ఒకే శ్మశానంలో పక్కపక్కన పడుకుని ఉన్నారనీ అంది. ఈ ఇద్దరి గ్రూపులూ వేరే వచ్చాయి గానీ దాన్నిబట్టి ఒక్క తాత బిడ్డలు కారని చెప్పడానికి లేదనీ, ఆ వేళ్లను చూస్తే తనకు పెద్దల మాటే నమ్మాలనిపిస్తోందనీ, ఇదంతా వాళ్లకు చెప్పమనీ అంది.

దస్తగిరి నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఏమంటాండాదప్పా దొరసాని?"

"నెత్తురు వేరే వేరే అంట మామా."

"అంతేనా? అంతసేపు మాట్లాడె గదప్పా. నవ్వె గూడా."

"అంతే."

"సరేలే అప్పా. సదువుకున్నోనివి. నువ్వు సెప్తే అంతే."

ఆయన లేచి వెళుతుంటే డాక్టరమ్మ, అంతా చెప్పావా, ఆయన మొహంలో సంతోషం లేదేమని అడిగింది. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

నా చదువు తగలెయ్య! ఎందుకలా చేశాను? దాయాదులమని తేలితే రేపు చేనిలో భాగమంటారని భయపడ్డానా? పంచె కట్టి ఇంగ్లీషు మాట్లాడే పంతులు, దొరసాని ఎదుట లాడాలు కొట్టేవాడికి బంధువవుతాడని సిగ్గుపడ్డానా? రెండూ కావచ్చు. ఒక్కోరోజు ఒక్కోటి అనిపిస్తుంది. గ్రూపులు వేరే అన్నమాట నిజమే కదా, నేను అబద్ధమాడలేదు కదా అని ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో. సగం మాట మింగి సగం మాట చెప్పేవాణ్ణి ఏమంటారు? మీరే చెప్పండి.

తరువాత కూడా దస్తగిరి మా ఎద్దులకు లాడాలు కొట్టాడు. ఎప్పటిలా పలకరించాడు. గోరీ దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు. వాన పడకముందే పోయాడు. నీళ్లెండిన వంక అవతల పూడ్చారు. మట్టి వేసి తిరిగి వస్తూ నాయన దారిలో ఆగిపోయాడు.

"ఆ యమ్మ ఒకటేనని ఒక్క మాట అనింటే నేనే గుంత తీపిచ్చేటోణ్ణి రా. మనోళ్ల నోళ్లు మూపిచ్చేదానికి నాకొక మాట కావాల్సి ఉండె."

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. తలవంచుకుని ఆయన వెనకే నడిచాను. ఆ ఏటి తొలివానకు నాయన టెంకాయ కొట్టి, చదివించేవాళ్లు లేని చక్కెరను తానే ఎద్దుల నోట్లో పెట్టాడు. కొన్నాళ్లకు నాయనా పోయాడు, ఆ సంగతి తెలియకుండానే.

ఇది రాస్తుంటే నా చిటికెన వేలు కాగితానికి అడ్డం పడుతోంది. ఎందుకు వంకరైందని బడిపిల్లలు అడిగితే చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాననేవాణ్ణి. నేను ఏ చెట్టు మీంచీ పడలేదు. మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. చెప్పేశాను, కొంచెం ఊపిరాడుతోంది, అంతే.

దస్తగిరి చిన్నాయనా, ఆరోజు దొరసాని చాలా మాట్లాడింది.